నూనె డబ్బాకు ముందు మేకు దించండి, తర్వాత అమ్మండి

కేటరింగ్‌లో నెలకు పాతిక దాకా 15 కేజీల నూనె డబ్బాలు మిగులుతున్నాయి, పాత ఇనుము కొట్టులో రేకు కింద కట్టి తక్కువ ఇస్తున్నారు, అసలు అవి కరుగుతాయా లేక ఎక్కడో పారేస్తారా, ప్లాస్టిక్ క్యాన్లకు మారితే మేలా అని కదండీ మీరు అడిగింది. మాది అంబాజీపేట దగ్గర చిన్న టిఫిన్ హోటల్. మాకూ ఇదే గొడవ, కాబట్టి తెలిసింది చెబుతాను.

కరుగుతాయి. డబ్బు పెట్టి కొన్నవాడు పారేయడు కదా. మా కొట్టతను వాటిని రాజమండ్రి వైపు పంపుతాడు. అక్కడ మూటల్లా నొక్కి కొలిమికి తోలతారట. అయితే అసలు చిక్కు కొట్టులో లేదు, మన గుమ్మం దగ్గరే ఉంది.

మూడేళ్ల కిందటి దాకా నేను కొట్టుకు వేసేవాణ్ణే కాదు. సైకిల్ మీద ఒకాయన వచ్చి, సొట్ట పడని డబ్బా అయితే తూకంతో పని లేకుండా కొట్టు రేటుకు రెండింతలు ఇచ్చి పట్టుకెళ్లేవాడు. పైభాగం కోసేయకుండా చిన్న చిల్లు పెట్టి నూనె వంపుకోమని ముందే చెప్పేవాడు. ఎందుకని నేను అడగలేదు. డబ్బులొస్తుంటే ఎవరడుగుతారు! మా ఆవిడకు డబ్బా తెరిచిన తేదీని ఎర్ర మార్కర్‌తో పక్కన రాసే అలవాటు. ఓ రోజు పక్క ఊరి సంతలో విడినూనె అమ్మేచోట ఆగిపోయింది. ‘ఏవండీ, ఆ రాత నాదే’ అంది. చిల్లుకు మాటు వేసి ఉంది. కంపెనీ బొమ్మ అలాగే ఉంది, మా తేదీ కూడా అలాగే ఉంది. లోపల ఏ నూనో దేవుడికే తెలియాలి.

ఒకసారి వాడిన రేకు డబ్బాలో మళ్లీ తినే సరుకు నింపి అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి డబ్బా ఖాళీ అయిందంటే నాలుగు పక్కలా మేకు దించడమే. రెండింతల రేటు పోయింది, పోనివ్వండి.

ఇక రేకుకు తక్కువ ఎందుకంటే అందులో న్యాయం కొంత ఉంది. డబ్బా రేకు పల్చన, కొలిమిలో పడగానే కొంత కాలి మడ్డిగా పోతుంది. పైగా తుప్పు పట్టకుండా దాని మీద సన్నని తగరం పూత ఉంటుంది. ఆ తగరం ఉక్కులో కలిస్తే తేలిగ్గా విడిపోదు, ఎక్కువైతే ఎర్రగా కాల్చి సాగదీసేటప్పుడు ఉక్కు పగులుతుంది. అందుకే మందపాటి ఇనుముతో కలిపి కొంచెం కొంచెంగా వేస్తారు. బీడు (పోత ఇనుము), బరువు ఇనుము, రేకు వేరు వేరుగా పెట్టి తూచమని అడగండి. కలిపేస్తే మొత్తానికీ రేకు రేటే కడతారు.

మాకు పనికొచ్చిన పద్ధతి ఇది. రాత్రి హోటల్ కట్టేశాక డబ్బాను మూల కిందికి వచ్చేలా బేసిన్ మీద ఒరిగిస్తాం. తెల్లారేసరికి చారెడు నూనె దిగుతుంది, అది వంటలోకే. తర్వాత రెండు గుప్పెళ్ల వరి ఊక పోసి ఊపితే జిడ్డంతా పీల్చుకుంటుంది, ఆ ఊక పొయ్యిలోకి పోతుంది. సబ్బుతో కడిగి ఆ నీళ్లు కాలవలోకి వదలకండి. ఆ తర్వాత మేకులు దించి, పైనా కిందా కోసి, తొక్కి పలక చేస్తాం. బూట్లు లేకుండా మాత్రం తొక్కకండి, నాకు మడమ కోసుకుపోయి టీటీ ఇంజెక్షన్ పడింది. ఇలా చేస్తే ట్రాలీ ఆటోలో పాతిక పట్టేచోట వంద పడతాయి. ఆటో బాడుగే సగం తినేస్తుంది కాబట్టి మిగిలేది ఇక్కడే. పలకలు వానలో ఉంచకండి. సముద్రపు గాలికి మా ప్రాంతంలో తుప్పు తొందరగా పట్టేస్తుంది, తుప్పును కొట్టతను తూకంలో కోస్తాడు. పురుగుమందుల డబ్బాలు, రంగు డబ్బాలు వీటితో కలపకండి.

ప్లాస్టిక్ క్యాన్ విషయం. పాత క్యాన్ మళ్లీ నూనె క్యాన్ కావడం అరుదు, బకెట్టో పైపో అవుతుంది. ఉక్కు ఎన్నిసార్లు కరిగించినా ఉక్కే, చెత్తకుప్పలో కలిసిపోయినా అయస్కాంతం లాగేస్తుంది. టన్ను పాత ఉక్కు కరిగిస్తే 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు మిగులుతాయని ప్రపంచ ఉక్కు సంఘం లెక్క. ఖాళీ డబ్బా మా కాటా మీద 900 గ్రాములు తూగింది. మీ పాతికతో టన్ను కావడానికి మూడున్నరేళ్లు దాటుతుంది, అందుకని పక్క హోటళ్లవాళ్లతో కలిసి వేయండి, రేటు మాట్లాడటానికీ పనికొస్తుంది. క్యాన్ బరువు తక్కువ, మోయడం సులువు, ఆ సంగతి కాదనను. కానీ నేనైతే డబ్బా మానను.

అన్నట్టు, కొనేటప్పుడు అది 15 కేజీలా, 15 లీటర్లా చూసుకోండి. లీటర్లదైతే నూనె 13.6 కేజీల చిల్లరే ఉంటుంది, డబ్బా మాత్రం ఒక్కలాగే కనిపిస్తుంది.