అక్షరాలన్నీ వచ్చు, పదం మాత్రం చదవలేడు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. అ నుంచి ఱ వరకు గడగడా చెప్పేస్తాడు, కానీ 'పలక' అని రాసి చూపిస్తే బిత్తరచూపులు చూస్తాడు. ఇంట్లో ఎలా నేర్పించాలి మేడమ్?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: టెన్షన్ పడకండమ్మా. వాడికి వచ్చింది పాట, చదవడం ఇంకా మొదలవలేదు, అంతే. వరుసగా అప్పజెప్పడం వేరు, మధ్యలోంచి ఒక అక్షరం చూపిస్తే గుర్తుపట్టడం వేరు. 56 అక్షరాలూ పూర్తయ్యాకే పదాలు అనుకోకండి, ఙ, ఞ ఇప్పుడు రాకపోయినా కొంపేం మునగదు. ముందు తల, వల, పడవ, పలక లాంటి తలకట్టు పదాలు పట్టండి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి నిదానంగా చదివించి, ఆ తర్వాత గబుక్కున కలిపి చెప్పమనండి.

గుడి నేర్పడానికి మీ ఊళ్లోనే పాఠం ఉంది: అలిపిరి! ల, ప, ర మూడింటికీ అదే గుడి. బస్సు కోసం నిలబడ్డప్పుడు బోర్డు చదివించండి. తిరుమల, తిరుపతి పక్కపక్కన రాసిపెట్టి, రెండింట్లో ఒకేలా ఉన్నదేదో వాడినే వెతకనివ్వండి. కపిలతీర్థం జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి, ఒత్తు దగ్గర బెదిరిపోతాడు.

వ, మ తికమక మామూలే. మా అమ్మాయి చాన్నాళ్లు మజ్జిగని 'వజ్జిగ' అనే చదివింది, మేమూ అలాగే పిలిచేవాళ్లం! మ చివర తోక ఉంటుందని చూపించి, బియ్యప్పళ్లెంలో వేలితో దిద్దించండి. రోజుకి 10 నిమిషాలు చాలు, ఆవులిస్తే ఆపేయండి.