గ్యాసు జొన్నకు ఫీజు డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. సొంతం 3 ఎకరాలు, కౌలుకు 4 ఎకరాలు చేస్తున్నాం. కౌలు ఏడాదికి ఎకరాకు 25 బస్తాలు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వరే. సొంత పొలంలో కాలువ చివరనున్న ఎకరంన్నరకు దాళ్వా నీళ్లు అందవు, అక్కడ మినుము చల్లుతాం. ఈమధ్య ఒకాయన వచ్చి, బయోగ్యాస్ ప్లాంటు పెడుతున్నారు, జొన్న వేసి పచ్చిగా కోసి తెస్తే టన్నుకు 1,200 రూపాయలు, ఎకరాకు 25 టన్నులు తేలిగ్గా వస్తుంది, ఐదేళ్ల అగ్రిమెంటు అంటున్నారు. కోత యంత్రానికి నలుగురు రైతులం తలా 3 లక్షలు వేసుకోవాలట. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజులకని దాచిన 5 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. మావారు సరే అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: అమ్మా, ఆ 5 లక్షలు ముట్టుకోకండి. ఫీజు కట్టాల్సిన తేదీ కాలేజీవాళ్లు చెప్తారు. ప్లాంటు ఎప్పుడు మొదలవుతుందో మీ ఇంటికొచ్చినాయన కూడా చెప్పలేడు. తేదీ ఖాయమైన ఖర్చుకు దాచిన డబ్బును తేదీ లేని ఆదాయం మీద పెట్టకూడదు.

అలాగని జొన్నను తోసిపుచ్చడం లేదు. గ్యాసుకు జొన్న పనికొస్తుందన్న మాట నిజమే. కంకి పాలు పోసుకుని గింజ పిండికట్టే వేళకు మొక్క మొత్తం కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా పాతర వేస్తే నెలల తరబడి నిల్వ ఉంటుంది. దాన్ని రోజూ కొంచెం కొంచెం డైజెస్టరులో, అంటే గ్యాసు తయారయ్యే మూసిన తొట్టిలో వేస్తారు. జర్మనీలో 2004లో చట్టం మార్చి, పంటల నుంచి తీసే బయోగ్యాస్ కరెంటుకు అదనపు ధర ఇచ్చారు. దాంతో ఎటుచూసినా మొక్కజొన్నే అయిపోయి, 2012లో కొత్త ప్లాంట్లలో దాని వాటా 60 శాతం దాటకూడదని హద్దు పెట్టాల్సి వచ్చింది. నీటి ఎద్దడికి మొక్కజొన్న కంటే బాగా తట్టుకుంటుందని అక్కడివాళ్లు జొన్న వైపూ చూశారు. అయితే అక్కడ ప్లాంటు కరెంటుకు 20 ఏళ్ల పాటు ఖాయమైన ధర ఉంది. ఆ ధైర్యంతోనే ప్లాంటువాళ్లు రైతుతో ఒప్పందాలు రాసుకున్నారు. మనకు వరికీ మినుముకీ మద్దతు ధర ఉంది, జొన్న గింజకూ ఉంది. పచ్చి చొప్పకు లేదు. మీకున్న ధర ఆ ఒప్పంద కాగితం మీద రాసినదే.

ఆ 1,200 ఎంత గట్టిదో చూద్దాం. కోతకొచ్చిన టన్ను పచ్చి జొన్నలో ఇంచుమించు 700 కిలోలు నీరే. మిగతా 300 కిలోల ఎండు పదార్థం నుంచి, అంతా సవ్యంగా జరిగితే, శుద్ధి చేసిన గ్యాసు 50 నుంచి 60 కిలోలు రావచ్చు. 2018లో కేంద్రం ఇలాంటి గ్యాసును కొనిపించడానికి సతత్ పథకం మొదలుపెట్టినప్పుడు ఆయిల్ కంపెనీలు కొనే ధర కిలోకు 46 రూపాయలు. ఇప్పుడు 60 అనుకుని లెక్కేసినా టన్నుకు మూడు వేల నుంచి మూడు వేల ఆరొందలు. బ్యాంకు వడ్డీ, కరెంటు, గ్యాసు శుద్ధి, కంప్రెసరు, జీతాలు అన్నీ అందులోంచే. అందులో మూడో వంతుకు తగ్గకుండా జొన్నకే పెట్టే ప్లాంటు, చేతిలో డబ్బు ఆడనప్పుడు మొదట కోసేది మీ రేటునే. పైగా తణుకు, అనపర్తి చుట్టుపక్కల కోళ్ల ఎరువుంది, ఊరూరా వరిగడ్డి ఉంది. ఇంత చవక సరుకు పక్కనే పెట్టుకుని ఐదేళ్లూ మీ జొన్నే కొంటారని ఏ నమ్మకం? 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ తన ప్లాంటుకు శంకుస్థాపన చేసింది అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో. అక్కడి ఆలోచన బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచడం. గ్యాసు మేతకు చవక భూమి కావాలి. ఎకరాకు 25 బస్తాల కౌలు పలికే నేల దానికి చాలా ఖరీదు.

ఇక మీ పొలం లెక్క. ఆయన చెప్పిన 25 టన్నుల్ని నేను 15 అనుకుంటాను. సార్వా కోశాక జొన్న ఆలస్యంగా పడితే మొవ్వు ఈగ వదలదు, మొలక మీద నీళ్లు నిలిస్తే మన నల్లరేగడిలో పైరు పసుపు రంగుకు తిరిగి ఎదగకుండా కూర్చుంటుంది. 15 టన్నులు, 1,200 చొప్పున 18,000. దుక్కి, విత్తనం, ఎరువు, మందు, రెండు తడులు కలిపి పదివేలకు తగ్గవు. కోత, రవాణా మీవే అయితే టన్నుకు 400 అనుకున్నా ఇంకో ఆరువేలు పోతాయి. మిగిలేది రెండువేలు. కాగితంలో తేమ షరతు ఉంటే అదీ మిగలదు. 30 శాతం ఎండు పదార్థానికి 1,200 అని రాసి, మీ లోడు 22 శాతంతో వెళ్తే చేతికొచ్చేది టన్నుకు 880 రూపాయలే. ఏడొందల కిలోల నీటిని ట్రాక్టరు మీద మోసుకెళ్లే పంట ఇది. ప్లాంటు ఎన్ని కిలోమీటర్లో మీరు రాయలేదు, నేనైతే మొదట అడిగేది అదే.

అదే ఎకరంలో మినుము నాలుగు క్వింటాళ్లు పండితే, 2025-26 మద్దతు ధర 7,800 చొప్పున 31,200. అదీ కోతకు ముందు వరిలోనే చల్లేస్తారు కాబట్టి దుక్కి ఖర్చే లేదు. పల్లాకు తెగులు తగిలిన ఏడు మినుమూ ముంచుతుంది, కాదనను. దాళ్వా వరితో అయితే పోలికే వద్దు. 40 బస్తాలంటే 30 క్వింటాళ్లు, అదే ఏడాది మద్దతు ధర 2,369 చొప్పున 71 వేలు దాటుతుంది. నీళ్లందే చేలో వరి తీసేసి జొన్న వేయాలన్న ఆలోచన రానివ్వకండి. కౌలు 25 బస్తాలంటేనే ఆ ధరకు 44 వేల పైచిలుకు, ఆయన చెప్పిన 25 టన్నులూ పండినా 30 వేలే.

ఇంకో చిక్కు. కౌలు కార్డు 11 నెలలకే చెల్లుతుంది. వచ్చే ఏడు ఆ నాలుగెకరాలు మీ చేతిలో ఉంటాయో లేదో తెలియకుండా ఐదేళ్లకు సంతకం ఎలా పెడతారు? సరుకు ఇవ్వలేకపోతే జరిమానా అని కాగితంలో ఎక్కడో ఉంటుంది, వెతకండి.

ఈ కాగితాల సంగతి నాకు ఇంట్లోనే తెలిసింది. బయోడీజిల్ అంటూ ఊళ్లు ఊగిన రోజుల్లో మా మేనమామ మెట్టలో రెండెకరాలు అడవి ఆముదం వేశారు. మొక్కలు బ్రహ్మాండంగా పెరిగాయి. కొంటామన్నవాళ్లు మాత్రం కాపు మొదలయ్యేసరికి ఫోను ఎత్తలేదు. చెట్లు పీకించడానికి మళ్లీ కూలి ఇచ్చుకున్నారు.

మీవారికి మనసు లాగుతుంటే, మినుము చల్లే ఎకరంన్నరలో అర ఎకరం జొన్న వేయమనండి. నేలలో పదును (తడి) ఎన్నాళ్లుంటుందో, నిజంగా ఎన్ని టన్నులు వస్తుందో మీ చేలోనే తేలుతుంది. ప్లాంటు కొనకపోతే పాలవాళ్లు కొంటారు. కిలో రెండు రూపాయలకు పోయినా టన్ను రెండు వేలు, గ్యాసు ధర కంటే మెరుగే. విత్తేముందే ఊళ్లో డెయిరీలవాళ్లను అడిగి పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త, లేత జొన్నలో, నీటి ఎద్దడికి వాడిన పైరులో, కోశాక వచ్చే పిలకల్లో సైనైడు విషం ఉంటుంది. పూత రాకముందు గేదెలకు వేయొద్దు.

యంత్రానికి వాటా మాత్రం వద్దు. ఏడాదిలో కొన్ని రోజులే తిరిగే యంత్రం, నలుగురి పేర, ఒక్క కొనుగోలుదారు కోసం. పంట రుణం తీసి అటు మళ్లించడమూ వద్దు. 3 లక్షల లోపు పంట రుణం గడువులోపు తీరిస్తే 4 శాతం వడ్డీకే పడుతోంది, ఆ సౌకర్యాన్ని చెడగొట్టుకోకండి.

ఫీజు డబ్బు ఎన్నేళ్లకు కావాలో అన్ని ముక్కలు చేసి, ఒక్కోటి ఫీజు కట్టే నెలకు ముందు చేతికొచ్చేలా డిపాజిట్లు వేయండి. బ్యాంకు మునిగితే ఆదుకునే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకే, అందుకని రెండు బ్యాంకుల్లో పెట్టండి. అర శాతం ఎక్కువని ఊరి సొసైటీలో వేయొద్దు, అక్కడ ఆ బీమా లేదు.

ఆయన మళ్లీ వస్తే మూడు మాటలు అడగండి. యంత్రం మీరే తెచ్చుకుంటారా? కాటా గట్టు మీదే వేసి, తేమతో పని లేకుండా కొంటారా? విత్తనాల నాడే ఎకరాకు ఇంతని అడ్వాన్సు ఇస్తారా? మూడింటికీ ఊఁ అంటే, సంతకం పెట్టకముందు ఆ కాగితం నాకు పంపండి.