మూడు రంగుల బంతి లీగ్ మిగిల్చినది ఏమిటి?

ప్రశ్న: అమెరికాలో ఎన్‌బీఏకు పోటీగా ఒకప్పుడు మరో బాస్కెట్‌బాల్ లీగ్ నడిచిందనీ, మూడు పాయింట్ల గీత (దాని అవతలి నుంచి బంతి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు) అక్కడి నుంచే వచ్చిందనీ చదివాను. బీసీసీఐ గుర్తింపు లేకుండా నడిచిన మన ఇండియన్ క్రికెట్ లీగ్ లాగా అది కూడా పెద్ద సంస్థ ధాటికి కనుమరుగైందా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: మీరు చదివింది 1967లో 11 జట్లతో మొదలై 1976 వరకు నడిచిన అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ గురించి. పేరుకు అది పోటీ లీగే గాని, దాని యజమానుల్లో చాలామంది ఆశ ఎన్‌బీఏను ఓడించడం మీద కాక, ఏదో ఒక రోజు అందులో కలిసిపోవడం మీదనే ఉండేది. తొలి కమిషనర్ జార్జ్ మైకన్ ఎరుపు, తెలుపు, నీలం రంగుల బంతిని ప్రవేశపెట్టారు. మూడు పాయింట్ల గీత మాత్రం వారి సొంత ఊహ కాదు. 1961లో మొదలై రెండో సీజన్ మధ్యలోనే మూతబడిన మరో లీగ్ నుంచి తెచ్చుకున్నదే. ఎన్‌బీఏ దానిని 1979లో గాని అంగీకరించలేదు. జూలియస్ ఎర్వింగ్ ఫ్రీ త్రో గీత దగ్గర నుంచి ఎగిరి బంతిని వలలో వేసిన డంక్ పోటీ కూడా 1976లో డెన్వర్‌లో ఈ లీగ్ నిర్వహించినదే.

అయితే బంతి రంగులకూ డంక్‌లకూ దక్కిన ప్రచారం అసలు విషయానికి దక్కలేదని నా అభిప్రాయం. అప్పటి ఎన్‌బీఏలో ఒప్పందం ముగిసినా ఆటగాడిపై హక్కు పాత జట్టుకే ఉండేది గనుక జీతం ఎంతన్నది యజమాని మాటే. రెండో కొనుగోలుదారు రంగంలోకి రాగానే ఆ లెక్క మారి, జీతాలు కొన్నేళ్లలోనే అనేక రెట్లు పెరిగాయి. పాఠశాల చదువు ముగిశాక నాలుగేళ్లు గడిస్తే తప్ప ఆటగాడిని తీసుకోరాదని ఎన్‌బీఏ నియమం ఉండగా, స్పెన్సర్ హేవుడ్ 1969లో కాలేజీ చదువు మధ్యలోనే డెన్వర్ జట్టులో చేరారు. తర్వాత ఆయన ఎన్‌బీఏలోని సియాటిల్‌కు మారినప్పుడు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1971లో తీర్పు ఆయన పక్షాన వచ్చింది. రెండు లీగ్‌లూ ఒకటైతే బేరమాడే అవకాశం పోతుందని గ్రహించిన ఆటగాళ్ల సంఘం, ఆస్కార్ రాబర్ట్‌సన్ నాయకత్వంలో 1970లోనే విలీనానికి వ్యతిరేకంగా దావా వేసింది. 1976లో రాజీ కుదిరి, ఒప్పందం ముగిసిన ఆటగాడు వేరే జట్టు చూసుకునే స్వేచ్ఛకు దారి తెరుచుకున్నాకే విలీనం జరిగింది. ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరిన అంబటి రాయుడు వంటివారు దేశవాళీ క్రికెట్‌కు దూరమై, చివరికి బీసీసీఐ క్షమాభిక్షతో తిరిగి రావలసి వచ్చింది. తేడా అక్కడే ఉంది.

ప్రశ్న: విలీనంలో ఎవరు లాభపడ్డారు? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: డెన్వర్, ఇండియానా, శాన్ ఆంటోనియో, న్యూయార్క్ నెట్స్ జట్లు తలా 32 లక్షల డాలర్లు చెల్లించి ఎన్‌బీఏలో చేరాయి. నెట్స్ అదనంగా న్యూయార్క్‌లోని పాత ఎన్‌బీఏ జట్టు నిక్స్‌కు పరిహారం ఇవ్వవలసి రావడంతో, డబ్బు కోసం ఎర్వింగ్‌నే ఫిలడెల్ఫియాకు అమ్ముకుంది. ఎన్‌బీఏలో చేరని కెంటకీ జట్టు యజమాని 30 లక్షలు తీసుకుని తప్పుకున్నారు. అలాగే చేరకుండా మిగిలిన సెయింట్ లూయిస్ జట్టు యజమానులైన సిల్నా సోదరులు మాత్రం 22 లక్షలతో పాటు, చేరిన ఆ నాలుగు జట్లలో ప్రతిదాని టీవీ ఆదాయంలోనూ ఏడో వంతు శాశ్వతంగా రావాలని పట్టుబట్టారు. టీవీ డబ్బు అంతగా లేని రోజుల్లో ఆ షరతు ఎవరికీ పెద్దదిగా కనిపించలేదు. జట్టే లేని ఆ సోదరులకు తర్వాతి దశాబ్దాల్లో దాదాపు 30 కోట్ల డాలర్లు ముట్టాయి. 2014లో ఆ హక్కులో చాలా భాగాన్ని వదులుకోవడానికి మరో 50 కోట్లు ఇచ్చారని వార్తలు వచ్చాయి.

ఆ లీగ్‌లో ఆడిన వృద్ధులకు మాత్రం 2022లో గాని చెప్పుకోదగ్గ పింఛను మంజూరు కాలేదు. అదీ ఆడిన ఒక్కో ఏడాదికి సగటున సంవత్సరానికి సుమారు 3,800 డాలర్ల చొప్పున.