అమ్మాయి తన ఫొటోలన్నీ తీసేయమంటోంది, మాట్లాడటం లేదు

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. పుట్టినప్పటి నుంచీ తన ఫొటోలు, వీడియోలు ఫేస్‌బుక్‌లో పెడుతున్నాను. చిన్నప్పుడు పక్క తడిపి ఏడుస్తున్న వీడియో ఒకటి క్లాసులో ఎవరికో దొరికింది. దాన్ని వాళ్ల గ్రూపుల్లో తిప్పారట. ఇంటికొచ్చి, "నన్ను అడిగే పెట్టావా? నావన్నీ తీసెయ్" అని అరిచింది. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. మావారు "నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతుంది" అంటారు. మా ఆడపడుచేమో పిల్లకు పొగరెక్కువైందంటోంది. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ఆ రోజుల్లో ఆ పోస్టులకొచ్చే కామెంట్లే నాకు తోడు. ఇప్పుడవన్నీ ఎలా తీసేయను? ప్రేమతో పెట్టడం కూడా తప్పేనా?

జవాబు: ఆ వీడియో ఇంకా అక్కడే ఉంటే చదవడం ఆపి ముందు దాన్ని తీసేయండి. మిగతావి తర్వాత.

మీవారు చెప్పినట్టు మీ అమ్మాయి మర్చిపోదు. తను మర్చిపోవాలనుకున్నా క్లాసులో వాళ్లు గుర్తుచేస్తారు. పదిహేనేళ్ల వయసులో తోటివాళ్ల ముందు నవ్వులపాలవడం ఎంత పెద్ద విషయమో మనం పెద్దయ్యాక మర్చిపోతాం. ఇక పొగరు సంగతి. ఫ్రాన్స్‌లో 2024లో ఏకంగా చట్టమే చేశారు: పిల్లల ఫొటోల విషయంలో తల్లిదండ్రులు వాళ్ల వయసుకు తగ్గట్టు వాళ్ల మాట కూడా కలుపుకోవాలని. మీ అమ్మాయి అడిగిందీ అదే. కాకపోతే అరిచి అడిగింది.

తప్పా అని అడిగారు. పెట్టిన రోజున మీ మనసులో చెడు లేదు, అందులో నాకు అనుమానం లేదు. ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ 2009లో వచ్చింది, అంటే దానిదీ మీ అమ్మాయిదీ ఇంచుమించు ఒకే ఈడు. ఏదైనా పెట్టగానే పదిమంది మెచ్చుకోవడం అప్పట్లో అందరికీ కొత్త, ముచ్చట. మీరు ఆ వీడియో పెట్టింది మీ స్నేహితుల కోసం. ఇన్నేళ్ల తర్వాత చూసింది మీ అమ్మాయి క్లాస్‌మేట్లు. పోస్టు అదే, చూసేవాళ్లు మారిపోయారు. అప్పుడు మీకు ముద్దొచ్చిన ఏడుపు ఇప్పుడు తనకు పరువు సమస్య. మీ ప్రేమ నిజమే, తన అవమానమూ నిజమే. మొదటిది చెప్పి రెండోదాన్ని తగ్గించాలని చూడకండి.

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది కామెంట్లే తోడు అన్న చోట. ఉద్యోగం లేదు, రోజంతా చంటిపిల్లతో ఇంట్లో, మాట్లాడటానికి పెద్దవాళ్లెవరూ లేరు. అలాంటప్పుడు "ఎంత ముద్దుగా ఉందో" అని ఎవరో రాస్తే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. అయితే ఆ మాటలు పాపకు కాదు, మీకు కావాల్సి వచ్చాయి. దాని గురించి సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆ లోటు పూడ్చే పని తెలియకుండానే పాప మీద పడింది. ఇప్పుడు పోస్టులు తీసేయడమంటే జ్ఞాపకాలు పోవడంలా మీకు అనిపిస్తోంది చూశారా, మీరు పోతుందని భయపడుతున్నది బహుశా ఆ తోడు. ఫొటోలు ఎక్కడికీ పోవు.

ఎలాగంటే, సెట్టింగ్స్‌లోకి వెళ్తే మీ సమాచారమంతా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ముందు ఆ కాపీ మీ దగ్గర పెట్టుకోండి. పాత పోస్టులన్నిటినీ ఒక్కసారిగా కట్టడి చేసే సెట్టింగ్ కూడా ఉంది కానీ దాన్ని నమ్ముకోకండి. అది పబ్లిక్‌గా ఉన్నవాటిని మీ స్నేహితుల వరకు కుదిస్తుంది, అంతే. మీ స్నేహితుల్లో ఆ క్లాస్‌మేట్ల తల్లులే ఉంటే ఉపయోగమేముంది? అమ్మాయి వద్దన్నవి డిలీట్ చేయండి, లేదా మీకొక్కరికే కనబడేలా 'ఓన్లీ మీ'కి మార్చండి. ట్రాష్‌లో వేసినవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి. బంధువులు సొంతంగా పెట్టిన ఫొటోలు తీసేయమని అడిగే పని మీదే. మీ ఆడపడుచు నొచ్చుకున్నా సరే, ఆ మాట అమ్మాయి చేత అనిపించకండి.

ఇదంతా మీరొక్కరే చేసేసి "చూడు, తీసేశా" అని చూపిస్తే సగం పనే అవుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. పిలిచేటప్పుడు ఇంతే చెప్పండి: "ఆ వీడియో నిన్ను అడగకుండా పెట్టాను. అలా చేయకుండా ఉండాల్సింది. ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో నువ్వే చెప్పు." దాని వెనకాల "కానీ నేను ప్రేమతోనే..." అని తగిలించకండి. అన్నీ తీసేయమంటే తీసేయండి, బేరమాడకండి. రాను అంటే ఫోన్ తన చేతికిచ్చి వచ్చేయండి. ఈ క్షమాపణ మాత్రం దయచేసి పోస్టుగా పెట్టకండి. (పెట్టినవాళ్లను చూశాను కాబట్టే చెబుతున్నాను.)

ఎవరో సేవ్ చేసుకున్న కాపీని మీరు వెనక్కి తీసుకోలేరని తనకు దాచకుండా చెప్పండి. మళ్లీ తిప్పితే ఫేస్‌బుక్‌కో, మరో యాప్‌కో రిపోర్ట్ కొట్టవచ్చు. టీచర్‌తో మాట్లాడవచ్చు, తను సరేనన్నాకే. మీరు ఆవేశంగా స్కూలుకు వెళ్తే ఆ వీడియో చూడనివాళ్లు కూడా వెతికి చూస్తారు.

మాటలు వెంటనే కలవకపోవచ్చు, రోజూ కదిలించి చూడకండి. స్కూలుకు వెళ్లనని మొండికేసినా, సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి. మీవారు కూడా వస్తే మంచిది.