రోహిణి కార్తెలో పెరటి తోట: ఏది పీకాలి, ఏది ఉంచాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలం. ఇంటి వెనుక మూడు సెంట్లలో సంక్రాంతి తర్వాత టమాటా, వంగ, బెండ, బీర, కాకర, ఆకుకూరలు వేసుకున్నాం. మొన్నటి దాకా బాగానే కాశాయి. ఇప్పుడు టమాటాలో పూత రాలిపోతోంది, ఉన్న కాయలకు అడుగున నల్ల మచ్చ పడుతోంది, పండ్లు ఎర్రబడటం లేదు. బలానికని చెట్టుకు గుప్పెడు యూరియా వేశాను, ఫలితం లేదు. బెండ ఆకులు పసుపు పచ్చగా మారాయి. బీరకు పూలే తప్ప కాయ లేదు. మృగశిర వస్తే బుడ్డల (వేరుశనగ) విత్తనం పనిలో పడిపోతాం. అందుకని ఇప్పుడే అన్నీ పీకేసి మళ్లీ విత్తుకోమంటారా? – ఒక మహిళా రైతు

జవాబు: అన్నీ ఒకేసారి పీకొద్దమ్మా. మీ తోటలో నిజంగా పని అయిపోయినది బెండ ఒక్కటే. మిగతావి ఎండకు కాపు ఆపాయి, అంతే. ఆగిన చెట్టుకూ అయిపోయిన చెట్టుకూ తేడా చూడాలంటే కొస చిగురు చూడండి. చిగురు పచ్చగా, లేతగా ఉంటే ఆ చెట్టులో ఇంకా కాపు ఉంది.

ముందు టమాటా సంగతి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 22-24 డిగ్రీలు దాటితే టమాటా పూవులో పుప్పొడి సరిగా పనిచేయదు. మన దగ్గర రోహిణి కార్తెలో పగలు 40 దాకా పోతుంది, రాత్రి కూడా వేడి దిగదు. పూత నిలవకపోవడానికి అసలు కారణం ఇదే, బలం చాలక కాదు. పైగా యూరియా ఎక్కువైతే చెట్టు ఆకు మీద పడుతుంది, పూత ఇంకా రాలుతుంది, నల్ల మచ్చ కూడా పెరుగుతుంది. దయచేసి మళ్లీ వేయకండి. పూత నిలవడానికి ప్లానోఫిక్స్ అనే హార్మోన్ మందు కొట్టమని కొందరు చెబుతారు. ఇంత ఎండలో, ఇంటి వాడకానికి పెంచే కొద్దిపాటి చెట్లకు దాని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

అడుగున నల్లగా, చర్మంలా గట్టిపడే మచ్చ పురుగు వల్ల వచ్చేది కాదు, తెగులూ కాదు. కాయ కొసకు కాల్షియం అందక వస్తుంది. కాల్షియం నేలలో ఉన్నా నీటితో పాటే చెట్టులోకి ఎక్కాలి. మూడు రోజులు ఎండగట్టి నాలుగో రోజు మడి నిండా పారిస్తే అది కాయ దాకా చేరదు. పండ్లు పగలడానికీ కారణం ఇదే. అందుకని కాల్షియం కోసం సున్నం వేయాలా అని ఆలోచించే ముందు నీళ్లు సరిచేయండి. కొద్దికొద్దిగా, రోజూ ఒకే వేళకు, తెల్లవారుజామున గానీ పొద్దు వాలాక గానీ పోయండి. మొదళ్ల చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన బుడ్డల పొట్టు పరచండి. మన జిల్లాలో దానికి కొదవ లేదు. కాండానికి మాత్రం ఆనించకండి, కొంచెం దూరం వదలండి. చెదలు పడుతుందేమో అప్పుడప్పుడు పొట్టు ఎత్తి చూస్తుండాలి. మచ్చ పడ్డ కాయలు ఇక బాగుపడవు, తెంపేయండి.

పండు ఎర్రబడకపోవడం చూసి చాలామంది చెట్టు మీదే ఇంకో నాలుగు రోజులు ఉంచుతారు. అక్కడే నష్టపోతారు. 30 డిగ్రీలు దాటిన వేడిలో టమాటాకు ఎరుపు రంగు సరిగా పట్టదు, పసుపు, నారింజ దగ్గరే ఆగిపోతుంది. ఎండ నేరుగా తగిలిన వైపు తెల్లగా ఉడికినట్టు అవుతుంది కూడా. కాయ అడుగున లేత గులాబీ రంగు మొదలవగానే, దోరగా ఉన్నప్పుడే కోసి, ఇంట్లో నీడన, గాలి తగిలే చోట ఒకే వరసగా పరచండి. నాలుగైదు రోజుల్లో చక్కగా ఎర్రబడతాయి. దోర కాయల్ని ఫ్రిజ్‌లో పెడితే రంగూ రాదు, రుచీ పోతుంది. పడమటి ఎండ నేరుగా పడకుండా ఆ వైపు రెండు కర్రలు పాతి పాత నూలు చీర కట్టండి. ఇంటి తోటకు అది చాలు.

బెండకు వచ్చింది పల్లాకు తెగులు. ఈనెలు పసుపెక్కి, ఆకంతా పసుపు వలలా కనిపిస్తుంది. కాయలు కూడా పాలిపోయి గిడసబారతాయి. వైరస్ కాబట్టి దానికి మందు లేదు, తెల్లదోమ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తుంది. పొద్దున్నే, దోమ మందకొడిగా ఉన్నప్పుడు పీకి గుంతలో పూడ్చండి. పీకిన ప్రతి చెట్టు వేరు చూడండి. ఇది మరిచిపోవద్దు. వేర్ల మీద బుడిపెలు ఉంటే నేలలో నులిపురుగులు ఉన్నట్టు. అప్పుడు ఆ మడిలో మళ్లీ టమాటా, వంగ, బెండ పెట్టకూడదు.

ఖాళీ అయిన ఆ మడికి ఈ ఎండే మందు. మట్టి గుల్ల చేసి, బాగా తడిపి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు గాలి చొరకుండా పరిచి, అంచులు మట్టితో కప్పండి. నల్ల షీటు వద్దు, దాని కింద నేల అంతగా వేడెక్కదు. నాలుగు వారాలు అలా ఉంచితే పైమట్టిలోని నులిపురుగులు, తెగుళ్ల శిలీంధ్రాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. తర్వాత అందులో బంతి గానీ తోటకూర గానీ వేసుకోండి. బుడిపెలు ఉన్నచోట బంతే మేలు.

వంగ చెట్లను అసలు పీకొద్దు. వాడిన కొమ్మ కొసలు కనిపిస్తే పురుగు తొలిచిన చోటికి కొంచెం కింద కత్తిరించి నాశనం చేయండి. కాయ మెరుపు పోకముందే కోయండి. మెరుపు తగ్గిందంటే లోపల గింజ ముదిరినట్టే. మృగశిరలో రెండు వానలు పడి చల్లబడ్డాక చెట్టును నేల నుంచి అడుగు ఎత్తులో కత్తిరించి, మొదట్లో మాగిన పశువుల ఎరువు రెండు గంపలు వేసి నీళ్లిస్తే కొత్త కొమ్మలు వేస్తుంది. ఇప్పుడే కత్తిరిస్తే మాత్రం మోడు ఎండిపోతుంది.

బీరకు వేడి ఎక్కువైతే మగపూలే ఎక్కువగా వస్తాయి. గుత్తులుగా వచ్చేవి మగవి, కింద చిన్న పిందెతో ఒంటరిగా వచ్చేది ఆడది. బీర పూవు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకు తేనెటీగలు తక్కువ. అప్పుడు ఒక మగపూవు కోసి రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపూవు మధ్యలో మెల్లగా రుద్దండి. మీ ఇంటి పిల్లలకు నేర్పిస్తే రోజూ వాళ్లే చేస్తారు. కాకర పూవు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, దానికి ఈ పని పొద్దున్నే చేయాలి. బీర, కాకర మీద గంధకం పొడి చల్లకండి, ఆకులు మాడతాయి. పండు ఈగ కుట్టి రాలిన పిందెలను రోజూ ఏరి లోతుగా పూడ్చండి. పాదు కింద వదిలేస్తే ఆ ఈగ మళ్లీ అక్కడే పుడుతుంది.

ఆకుకూరల్లో పాలకూర ఈ ఎండకు కంకి వేస్తుంది, దాని ఆశ వదులుకోండి. గోంగూర, బచ్చలి తట్టుకుంటాయి. మటిక్కాయ (గోరుచిక్కుడు), అలసంద కూడా మన ఎండకు అలవాటు పడ్డవే, ఖాళీ జాగాల్లో ఇప్పుడే గింజలు పెట్టవచ్చు.

తెల్లదోమకు లీటరు నీటికి 5 మి.లీ. వేప నూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రమే కొట్టండి, మధ్యాహ్నం కొడితే ఆకు కాలుతుంది.

టమాటా, మిరప నారు మాత్రం బుడ్డల పని మొదలుకాకముందే పోసుకోండి. టమాటా నారు 25-30 రోజుల్లో, మిరప నారు ఆరు వారాల్లో నాటుకు వస్తుంది. నారుమడి మీద సన్నటి వల కప్పితే తెల్లదోమ ముందే అంటకుండా ఉంటుంది. బెండ వేర్లకు బుడిపెలు కనిపిస్తే, వేర్లతో సహా రెండు చెట్లు, పిడికెడు తడి మట్టి కవర్లో పెట్టి మీకు దగ్గరలోని రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి.