2 కెల్విన్‌లో కొబాల్ట్ నయోబేట్: క్వాంటమ్ క్రిటికల్ పాయింట్ కనబడుతుందా?

కొబాల్ట్ స్పిన్‌లు (అణువుల చిన్న అయస్కాంతాలు) వరుసలుగా, అంటే చెయిన్‌లుగా ఉండే కొబాల్ట్ నయోబేట్ సింగిల్ క్రిస్టల్, 9 టెస్లా మాగ్నెట్, 2 కెల్విన్ దాకా దిగే క్రయోస్టాట్ ఉన్నాయి, వీటితో క్వాంటమ్ క్రిటికల్ పాయింట్ (సున్నా కెల్విన్ దరిదాపుల్లో వేడి వల్ల కాక ఫీల్డ్ వల్లే అయస్కాంత ఆర్డర్ చెదిరే చోటు, ఇందులో సుమారు 5.5 టెస్లా), ఆ దరిదాపుల్లో ఎక్సైటేషన్‌ల శక్తుల్లో కనిపించే గోల్డెన్ రేషియో (1.618) దొరుకుతాయా అని కదా అడిగారు. దొరకవండి. ఫీల్డ్ సరిపోతుంది, చల్లదనమే చాలదు.

ఫీల్డ్ లేనప్పుడు ఈ పదార్థంలో 2.95 కెల్విన్ దగ్గర ఇన్‌కమెన్సురేట్ ఆర్డర్ (క్రిస్టల్ లాటిస్‌తో లెక్క కుదరని అలలాంటి స్పిన్ అమరిక) మొదలవుతుంది. 1.97 దగ్గర మామూలు యాంటీఫెర్రోమాగ్నెటిక్ ఆర్డర్‌గా స్థిరపడుతుంది. అంటే మీ 2 కెల్విన్ సరిగ్గా ఆ రెండో మార్పు అంచున ఉంది. అక్కడ ఫీల్డ్ పెంచుతూ పోతే ఆర్డర్ చెదరడం కనిపిస్తుంది, కానీ అది 5.5 టెస్లా కంటే బాగా ముందే జరిగే ఉష్ణ సంబంధమైన ట్రాన్సిషన్. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన కోల్డియా బృందం 2010లో ప్రచురించిన న్యూట్రాన్ కొలతలు 40 మిల్లీకెల్విన్‌లో చేసినవి. మిల్లీకెల్విన్‌ల దాకా చల్లబరిచే డైల్యూషన్ ఫ్రిజ్ తప్పదు.

ఫ్రిజ్ దొరికినా చాలామంది బోల్తా పడేది దిశ దగ్గర. కొబాల్ట్ స్పిన్‌లకు ఇష్టమైన దిశలు క్రిస్టల్ ఏ, బీ, సీ అక్షాల్లో ఏ-సీ తలంలో, సీ అక్షానికి అటూ ఇటూ సుమారు 30 డిగ్రీలు వాలి ఉంటాయి. ఆ రెంటికీ లంబంగా ఉండేది బీ అక్షం ఒక్కటే, ఫీల్డ్ దాని వెంటే ఉండాలి. 5.5 టెస్లాలో 1 డిగ్రీ తేడా వస్తే దాదాపు 0.1 టెస్లా స్పిన్ దిశలో పడవచ్చు. చెయిన్‌ల మధ్య ఉన్న బలహీనమైన బంధంతో పోలిస్తే అది చిన్నదేం కాదు. పదునుగా రావాల్సిన ట్రాన్సిషన్ మసకబారుతుంది. లావే ఫోటో (అక్షాల దిశ చూపే ఎక్స్‌రే చిత్రం) తీసి క్రిస్టల్‌ను అతికించడంతో పని అయిపోదు. ఫీల్డ్‌లో టార్క్ క్రిస్టల్‌ను తిప్పేస్తుంది, వార్నిష్ చుక్క ఒక్కటే ఆపలేదు, గట్టి ఎపాక్సీతో కదలకుండా పట్టించాలి. హోల్డర్ మొత్తం రాగి అయితే ఫీల్డ్ వేగంగా మార్చినప్పుడు ఎడ్డీ కరెంట్లతో వేడెక్కుతుంది. థర్మామీటర్ చల్లగా చూపిస్తూనే ఉంటుంది, శాంపిల్ మాత్రం వెచ్చగా ఉంటుంది.

బీ దిశలో మాగ్నటైజేషన్ కొలిచి జంప్ కోసం వెతక్కండి, రాదు. ఆర్డర్ పరామితి (ఆర్డర్ ఎంత ఉందో చెప్పే కొలత) దానికి లంబంగా ఉంది. స్పెసిఫిక్ హీట్ మేలు, కానీ బాగా కిందికి వెళ్తే కొబాల్ట్, నయోబియం న్యూక్లియస్‌ల షాట్కీ భాగం (న్యూక్లియస్ శక్తి స్థాయిల వల్ల వచ్చే ఉష్ణ ధారణ) పైకి లేచి అసలు సిగ్నల్‌ను కప్పేస్తుంది. దాన్ని తీసేయకుండా గ్రాఫ్ వేస్తే ఎవరూ నమ్మరు.

ఇక గోల్డెన్ రేషియో. పత్రికల్లో దాని మీద హడావుడి ఎక్కువైంది గానీ, భౌతికశాస్త్రం గట్టిదే. మొదటి రెండు ఎక్సైటేషన్‌ల శక్తుల నిష్పత్తి 1.618 దగ్గరికి వచ్చేది 5.5 దగ్గర కాదు, ఇంకా ఆర్డర్ లోపలే, 5 టెస్లా దాటిన చోట. విడి చెయిన్ క్రిటికల్ ఫీల్డ్ అదే. ఎన్‌ఎమ్‌ఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్) కొలతల్లో అది 5.25 దగ్గర వచ్చింది. మొదటిదానితో మూడోదాని నిష్పత్తి 1.989, రెండు కణాల కంటిన్యూయమ్ (విడిగా కాక అన్ని శక్తులూ కలిసిపోయే పట్టీ) మొదలయ్యేది 2 దగ్గర. ఆ సందులో పీక్‌ను విడదీయడం మామూలు రిజల్యూషన్‌తో అయ్యే పని కాదు.

మీకు టెరాహెర్ట్జ్ స్పెక్ట్రోమీటర్ అందుబాటులో ఉంటే, హీలియం పంప్ చేసి 1.97 కిందికి దిగి, ఫీల్డ్ లేకుండానే కింక్ జంటల (చెయిన్‌లో స్పిన్ దిశ తిరగబడే చోట్ల జతల) బౌండ్ స్టేట్‌లు, అంటే అవి విడిపోకుండా కలిసి ఉండే స్థితులు చూడండి. 2014లో ఇలా తొమ్మిది కనిపించాయి. పక్కపక్క పీక్‌ల మధ్య దూరాలు 1.750 : 1.433 : 1.266 వరుసలో తగ్గుతూ రావాలి. ఎయిరీ ఫంక్షన్ అనే గణిత ఫంక్షన్ సున్నాల మధ్య ఉండే తేడాలవి.