పొడిపొడిగా విరిగిన సబ్బును పారేయకు

చి. సౌ. అమ్మాయికి, పిన్ని ఆశీస్సులు.

నువ్వు ఇంట్లో చేసిన సబ్బు ఫోటోలు చూశాను. కత్తి పెట్టగానే సబ్బు సుద్దముక్కలా విరిగిందనీ, చేతులు కడుక్కుంటే మంట పుట్టిందనీ రాశావు. ఈ రెండూ కలిసి కనిపించాయంటే నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా ఎక్కువైందన్నమాట. నువ్వు బెంగపడ్డ ఆ తెల్లటి పూతను వదిలెయ్. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి ఏర్పడే సోడియం కార్బొనేట్ అది. మంచి సబ్బు మీదా వస్తుంది, గీకేస్తే పోతుంది.

నీకు దొరికిన లెక్క, అంటే కిలో కొబ్బరి నూనెకు 174 గ్రాముల సోడా, సరైనదే. కిలో కొబ్బరి నూనె మొత్తం సబ్బుగా మారాలంటే సుమారు 183 గ్రాములు కావాలి. చర్మం పొడిబారకుండా కొంచెం నూనె మిగలాలని అందులో 5 శాతం తగ్గిస్తారు. నువ్వేమో కూకట్‌పల్లి దుకాణంలో అర లీటరు కొబ్బరి నూనె, అర లీటరు నువ్వుల నూనె కొని, రెండూ కలిపి కిలో అనుకుని ఆ 174 గ్రాములూ వేసేశావు. అర లీటరు నూనె తూగేది దాదాపు 460 గ్రాములే. అంతకన్నా పెద్ద తేడా నువ్వుల నూనెతో వచ్చింది. కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసులు పొట్టివి కాబట్టి దానికి సోడా ఎక్కువ పడుతుంది. నువ్వుల నూనెకు కిలోకు 134 గ్రాములు చాలు. ఈ లెక్కన నీ రెండు నూనెలకూ కలిపి పట్టేది 146 గ్రాములు. మిగిలిన 28 గ్రాములే నీ చేతులను మండించాయి.

సరిచేయడం కష్టమేమీ కాదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బంతా తురుము. స్టీలు గిన్నెలో వేసి, 200 గ్రాముల కొబ్బరి నూనె, అర గ్లాసు నీళ్లు కలిపి, వేడినీళ్ల గిన్నె మీద సన్నని సెగన గంటా గంటన్నర ఉంచు. మధ్యమధ్య కలుపుతూ ఉండు. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు. సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. అంతా ఒకే ముద్దయ్యాక అచ్చులో గట్టిగా నొక్కు. మర్నాడు తడి వేలితో సబ్బు రుద్ది నాలుక కొసకు తాకించు. చురుక్కుమంటే ఇంకా నూనె కావాలి. ఉత్త సబ్బు రుచి వస్తే నాలుగు వారాలు ఆరబెట్టు. చూడటానికి గరుకుగా ఉంటుంది, పనికి లోటుండదు.

బోరు నీళ్ల వల్లేనా అని అడిగావు. ఇలా విరగడానికి ఆ నీళ్లు కారణం కాదు. అయినా మన ఊరి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, నురగ చెడుతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడు. సోడాను నీళ్లలో వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు, ఎగచిమ్ముతుంది. ఒంటి మీద పడితే వెనిగర్ కోసం వెతక్కుండా కుళాయి కింద చాలాసేపు కడుగు.

ఈ చలికి కొబ్బరి నూనె గడ్డకడుతుంది. దాన్ని పూర్తిగా కరిగించకుండా కలిపితే సబ్బు చిక్కబడిందని భ్రమపడతావు, అచ్చులో నూనె విడిపోతుంది. వాసన కోసం వేసే లవంగం, దాల్చినచెక్క నూనెలు దీనికి విరుద్ధం, అవి వేస్తే సబ్బు చూస్తుండగానే గిన్నెలోనే బిగిసిపోతుంది. మొదటిసారికి వాసన లేకపోతే ఏమైంది?

సోడా డబ్బా మూత బిగించు. వానాకాలం తేమ పీల్చుకుంటే బలం తగ్గి, సబ్బు జిడ్డుగా మిగులుతుంది.

ఒక్క గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ తూకం కొనుక్కో. బేగంబజారు వైపు వెళ్తే సబ్బుకని విడిగా స్టీలు గిన్నె తెచ్చుకో. అందులో ఇక వంట చేయకూడదని మీ అత్తగారికి ముందే చెప్పు.

మీ పిన్ని